కస్టమ్స్ కాగితంలో తొమ్మిదో వరుస

మా మామగారు పరశురాముడు కస్టమ్స్ వాళ్ళ ముందు జన్మలో అబద్ధం ఆడలేదు. మిగతా లోకం ముందు మాత్రం ఆరేళ్ళుగా ఒకే ఒక్క అబద్ధం ఆడుతూ వచ్చారు. మా అత్తయ్య సూరమ్మ ఇంట్లో ఉందని.

సింగపూర్‌లోని బుకిట్ బటోక్‌లో మా బ్లాకు కింద కాఫీ కొట్టు నడిపే చైనా ఆయన "మీ ఆవిడ బాగుందా?" అని అడుగుతాడు. "బాగుంది, ఇంట్లో ఉంది" అని మామయ్య రెండు టీలు కట్టించుకొని పైకి వస్తారు. ఒకటి తాను తాగుతారు. రెండోది వంటగట్టు మీద పెట్టి తన గదిలోకి వెళ్ళిపోతారు. ఆ రెండో టీ ఆరేళ్ళుగా నేనే తాగుతున్నాను. గొంతు పట్టేసేంత తీపి. అత్తయ్యకు అలాగే ఇష్టం. నాకు అస్సలు ఇష్టం లేదు, పారబోయడానికి మనసొప్పక తాగుతున్నాను.

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఆయన ఉదయ్ అంటాడు. అబద్ధమేం కాదు. నేను తెనాలి దగ్గర నుంచి ఉద్యోగానికి ఈ ఊరొచ్చి, ఇక్కడే పుట్టిపెరిగిన ఉదయ్‌ని చేసుకున్నదాన్ని. పాసిర్ పాంజాంగ్‌లో ఓడల్లో వెళ్ళే సరుకుకు కాగితాలు తయారుచేసే ఆఫీసులో నా పని. పొద్దున లేస్తే కస్టమ్స్ కాగితాలతోనే నా బతుకు. అయినా కస్టమ్స్ అంటే మా మామయ్యకున్నంత భయభక్తులు నేనెవరిలోనూ చూడలేదు. కొందరు గుడి ముందు చెప్పులు విడిచినంత శ్రద్ధగా ఆయన కస్టమ్స్ బల్ల ముందు సంచి విప్పుతారు.

ఆ భక్తికి కారణం ఉంది. మామయ్య పుట్టింది మలేషియాలో, పేరాక్‌లో ఒక కొబ్బరి తోటలో. ముత్తాతల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి కూలికి వెళ్ళిన కుటుంబం. ఇరవయ్యో ఏట పని వెతుక్కుంటూ సింగపూర్ వచ్చి ఒక ఫోటో స్టూడియోలో ఫిల్ములు కడిగే పనికి చేరారు. కడుగుతూ కడుగుతూనే తీయడం నేర్చుకున్నారు. ఎనభై ఒకటిలో పేరాక్‌లో సొంత తమ్ముడి పెళ్ళి. అన్నగారే ఫోటోగ్రాఫరు. కొత్తగా కొన్న రెండు కెమెరాలు సంచిలో పెట్టుకొని, పెళ్ళై రెండేళ్ళయిన సూరమ్మను వెంటబెట్టుకొని బస్సెక్కారు.

సింగపూర్, మలేషియాల మధ్య సముద్రం మీదున్న వంతెన దాటాక జోహోర్‌లో కస్టమ్స్ అధికారి సంచి విప్పమన్నాడు. ఆ రోజుల్లో సింగపూర్‌లో కెమెరాలు చవక. ఇక్కడ కొని అక్కడ అమ్ముకొనేవాళ్ళు బోలెడు మంది. ఇవి నీ వాడుకకా, అమ్మకానికా అని అడిగాడు. నా వాడుకకే అన్నారు మామయ్య. రుజువేమిటన్నాడు. రుజువు లేదు. పైఅధికారి వచ్చి చూసి వదిలేసరికి మూడు గంటలు పట్టింది. ఈలోగా బస్సు వెళ్ళిపోయింది. మరో బస్సు పట్టుకొని పెళ్ళింటికి చేరేసరికి తాళి కట్టడం, తలంబ్రాలు, భోజనాలు అన్నీ అయిపోయి అరిటాకులు ఎత్తేస్తున్నారు. తోడబుట్టినవాడు ఫోటోగ్రాఫర్ అయ్యుండి కూడా ఆ తమ్ముడి పెళ్ళిలో తాళి కట్టే ఫోటో ఒక్కటీ లేదు.

"ఆపీసర్ తప్పేం లేదమ్మా, నా చేతిలో సురత్ లేదు" అని ఆయన ఇప్పటికీ అంటారు. సురత్ అంటే మలయ్‌లో కాగితం. ఆ అధికారే వెళ్ళేముందు ఒక మాట చెప్పాడట. ఇంకోసారి వచ్చేటప్పుడు ఒక్కో వస్తువు పేరు, దాని మీదుండే నంబరు వరుసగా రాసుకొని రా, లోపలికి వచ్చేటప్పుడు ముద్ర వేయించుకో, తిరిగి పోయేటప్పుడు అవే వస్తువులు చూపించు, ఏదీ అమ్మలేదని తెలుస్తుంది అన్నాడు. మామయ్యకు అది వేదవాక్కయి కూర్చుంది.

అత్తయ్య అప్పట్లో ఒక కంపెనీలో టైపిస్టు. రెండో ప్రయాణానికే జాబితా టైపు కొట్టి పెట్టింది. రెండు కెమెరాలు, మూడు లెన్సులు, రెండు ఫ్లాషులు, వెలుతురు కొలిచే మీటరు ఒకటి. మొత్తం ఎనిమిది వరుసలు. పక్కన నంబర్లు. దాని పక్కన అధికారి రాసుకోవడానికి ఖాళీ గడి. ఇంత చక్కటి జాబితాను మా ఆఫీసులో పాతికేళ్ళ అనుభవమున్నవాళ్ళు కూడా కొట్టలేరు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఆ ప్రయాణంలోనే తొమ్మిదో వరుస పుట్టింది. బల్ల దగ్గర ఒక పెద్ద వయసు అధికారి ఎనిమిదీ లెక్కపెట్టి, తల ఎత్తి చూశాడు. మామయ్య పక్కన అత్తయ్య నిలబడి ఉంది, చేతిలో ఫ్లాషు కట్టుకొనే వెదురు కర్ర. "ఇది లిస్టులో లేదే. దీని నంబరెంత?" అన్నాడట, అత్తయ్య వైపు చూపించి. ఆయన వేళాకోళం ఆడుతున్నాడని బల్ల వెనక నౌకరుకు కూడా అర్థమైంది. మా మామయ్యకు అర్థం కాలేదు. మళ్ళీ మూడు గంటలు నిలబెడతారేమోనని ఎనిమిదింటినీ మొదటి నుంచి లెక్కపెట్టుకోసాగారు. అత్తయ్య మాత్రం ఆయన జేబులోంచి పెన్ను తీసి, ఎనిమిదో వరుస కింద తొమ్మిది వేసి, సూరమ్మ, ఫ్లాషు పట్టుకొనే మనిషి అని రాసి, తన గుర్తింపు కార్డు నంబరు వేసింది. అధికారి పగలబడి నవ్వి తొమ్మిదింటికీ టిక్కులు పెట్టి ముద్ర వేశాడు.

ఇక అప్పటి నుంచి ప్రతి జాబితాలోనూ తొమ్మిదో వరుస టైపు కొట్టేది. కొందరు అధికారులు నవ్వేవారు. కొందరు చూడనట్టు టిక్కు పెట్టేవారు. ఒకాయన మాత్రం కస్సుమని, మనుషుల్ని సామాన్లలో రాస్తారా, కొట్టెయ్యమన్నాడట. అత్తయ్య కొట్టేసింది. తర్వాతి ప్రయాణానికి మళ్ళీ టైపు కొట్టింది.

నేను కోడలిగా వచ్చాక నాలుగైదు సార్లు వాళ్ళతో వెళ్ళాను. ఆ ప్రయాణాలు తలచుకుంటే ఇప్పటికీ నాకు ప్రాణం లేచొస్తుంది. అప్పటికే మామయ్య తన సొంత స్టూడియో మూసేశారు. బుకిట్ బటోక్‌లో కొత్త బ్లాకులు లేస్తున్నప్పుడు ఒక బ్లాకు కింద పెట్టిన స్టూడియో అది, అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. జోహోర్, పేరాక్ తెలుగువాళ్ళు మాత్రం పెళ్ళంటే పరశురాముడినే పిలిచేవాళ్ళు. తెల్లవారకముందే లేచి వంతెన దాటేవాళ్ళం. దాటగానే జోహోర్ రోడ్డు పక్క కొట్టులో వేడివేడి రోటీ, పప్పుచారు. కెమెరా సంచి అత్తయ్య ఒళ్ళో. కింద పెట్టమంటే పెట్టదు. "బిడ్డని కింద పెట్టి తింటామా?" అనేది. ఉన్న ఒక్క బిడ్డ ఉదయ్‌ని మాత్రం చిన్నప్పుడు పొరుగింట్లో వదిలి పెళ్ళిళ్ళకు తిరిగిన మనిషి ఆ మాట అంటుంటే నాకు నవ్వొచ్చేది.

పెళ్ళిలో వాళ్ళిద్దరి పని చూడాలి. బట్టలారేసే వెదురు కర్రను సగానికి కోసి, దాని కొసకు ఫ్లాషు కట్టి అత్తయ్య పట్టుకొనేది. మామయ్య కెమెరాలోంచి కన్ను తీయకుండా ఎడమచేతి చిటికెన వేలు పైకెత్తితే కర్ర పైకి లేచేది. వేలు పక్కకు తిరిగితే ఆవిడ పక్కకు జరిగేది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాళ్ళ మధ్య ఒక్క మాట ఉండేది కాదు. మాటలన్నీ ఆవిడ పెళ్ళికూతురితో ఆడేది. "ఏడవకే తల్లీ, కాటుక కారితే ఫోటో పోయిందని మా ఆయన నన్నంటాడు" అనేది. ఏడుస్తున్న పిల్ల నవ్వేది. ఆ నవ్వు దగ్గర మామయ్య బటన్ నొక్కేవారు. ఆయన తీసిన పెళ్ళికూతుళ్ళందరూ కళ్ళు తడిగా ఉండి నవ్వుతుంటారు. అది ఆయన గొప్పతనమని అందరూ అంటారు. సగం గొప్పతనం వెదురు కర్రది.

రెండు వేల పందొమ్మిదిలో అత్తయ్యకు జబ్బు చేసింది. ఆసుపత్రిలో పదకొండు రోజులున్నది, పన్నెండో రోజు పోయింది. మామయ్య అన్నీ దగ్గరుండి చేయించారు. ఏడవలేదు. తండ్రి ఏడవలేదని కొడుకూ ఏడవలేదు. ఆ ఇద్దరి వాటాకు కలిపి నేనే ఏడ్చాను. నెల తిరగకముందే మామయ్య రెండు టీలు తేవడం మొదలుపెట్టారు.

మతి తప్పిందనుకోకండి. ఆయనకన్నీ తెలుసు. ఏటా తద్దినం రోజున ఉదయ్ చేత పిండాలు పెట్టిస్తారు, తాను గుమ్మం దగ్గర నిలబడి చూస్తారు. నోటితో మాత్రం ఆ మాట అనరు. మా అమ్మాయి పునీతకు బళ్ళో వంశవృక్షం గీసుకు రమ్మన్నారు. అవ్వ బొమ్మ కింద పుట్టిన ఏడాది, పోయిన ఏడాది రాసుకుంది. మామయ్య రబ్బరు తీసుకొని రెండో ఏడాదిని జాగ్రత్తగా చెరిపి, పొడి ఊది, పుస్తకం తిరిగి ఇచ్చారు. "తాత లైక్ దట్ వన్ లా" అని, తాత పద్ధతే అంత అన్నట్టు, పునీత నాతో అని ఊరుకుంది. తొమ్మిదేళ్ళ దానికి అర్థమైనంత కూడా ఉదయ్ మాట్లాడడు. తండ్రీ కొడుకులు ఆ విషయం చుట్టూ తిరిగి వెళ్తారు తప్ప దాన్ని తాకరు.

అత్తయ్య పోయాక టైపు మిషన్ పెట్టె తెరిస్తే అందులో పన్నెండు జాబితాలు దొరికాయి. అన్నీ కొత్తవి, తేదీ మాత్రం ఖాళీ. ఆసుపత్రికి వెళ్ళే ముందు ఎప్పుడో కూర్చుని కొట్టి పెట్టింది. అన్నింట్లోనూ తొమ్మిదో వరుస ఉంది. అలవాటు కొద్దీ కొట్టిందో, కావాలనే కొట్టిందో నాకు తెలియదు.

అక్కడ చిక్కొచ్చిపడింది. తొమ్మిది రాసి ఎనిమిది చూపిస్తే అధికారి ముందు అబద్ధమవుతుంది. అది మామయ్య చేయరు. తొమ్మిదో వరుస కొట్టేయాలి. అది అంతకన్నా చేయరు. దాంతో కెమెరా సంచి అలమరాలో ఉండిపోయింది. కోవిడ్ వచ్చి రెండేళ్ళు వంతెన మూసేసినప్పుడు అందరూ గోలపెట్టారు, మా మామయ్య ఒక్కరే నిశ్చింతగా ఉన్నారు. తెరిచాక మాత్రం సాకులు వెతుక్కోవాల్సి వచ్చింది. మోకాళ్ళ నొప్పులన్నారు, కంటి శుక్లాలన్నారు. పిలిచినవాళ్ళు పిలిచి పిలిచి మానేశారు.

ఈ ఫిబ్రవరిలో జోహోర్ నుంచి ప్రణవి ఫోను చేసింది. సుభద్ర, కేశవరావుల కూతురు. తొంభై ఆరులో వాళ్ళ పెళ్ళి ఫోటోలు తీసింది మామయ్యే.

"తాతా, మా ఇంట్లో హాల్లో అమ్మానాన్న ఫోటో ఉంది కదా, మీరు తీసింది. నాకూ అట్లాంటిదే కావాలి. వేరే ఫోటోగ్రాఫర్ వద్దన్నాను, మా అత్తగారోళ్ళకు చెప్పేశాను. మీరు రాకపోతే నా పెళ్ళికి ఫోటోలే ఉండవు" అంది. స్పీకరులో ఉంది కాబట్టి అందరం విన్నాం.

"వస్తాలే అమ్మా" అన్నారు మామయ్య.

ఆయన నోట ఆ మాట విని ఉదయ్, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. రెండు వారాలు ఆ మనిషికి డెబ్బయ్యొకటి పోయి యాభై వచ్చింది. సంచి బయటికి తీశారు. లెన్సులు తుడిచారు. బాటరీలు కొన్నారు. కింద తోటలో పునీతను నిలబెట్టి ఫోటోలు తీసి చూసుకున్నారు. నేను సంబరపడ్డాను. పెళ్ళి ఇంకా వారం ఉందనగా టైపు మిషన్ పెట్టె తెరిచి ఒక జాబితా చేతిలోకి తీసుకున్నారు. అంతే. మర్నాటికి సంచి మళ్ళీ అలమరాలోకి వెళ్ళింది.

నేను ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. "మామయ్యా, నా ఉద్యోగమే ఇది. సొంతంగా వాడుకొనే కెమెరాకి ఇప్పుడెవరూ కాగితం అడగరండీ. కారాపి సంచి చూసేవాళ్ళు కూడా తక్కువ. ఊరికే వెళ్ళిపోవచ్చు."

"అడగకపోతే సరే. అడిగితే?"

"అడిగితే నావే అని చెప్పండి. నిజమే కదా."

"ఎనబై ఒకటిలో గూడా నిజమే జెప్పినాను. తాళి ఐపోయింది." ఆయన తల అడ్డంగా ఊపారు. "సురత్ లేకుండా టాక్ బోలే అమ్మా. కుదరదు."

ఈ టాక్ బోలే వచ్చిందంటే ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నేనూ తక్కువదాన్ని కాదు. మర్నాడు ఆఫీసులో కూర్చుని ఎనిమిది వరుసలతో కొత్త జాబితా తయారుచేసి, మంచి కాగితం మీద ప్రింటు తీసి ఆయన ముందు పెట్టాను. భూతద్దం పెట్టుకొని ఒక్కో నంబరూ కెమెరాలతో సరిచూశారు. ఒక్క తప్పు లేదు. రాత్రి భోజనాల దగ్గర దాన్ని మడిచి నా చేతికి ఇచ్చారు.

"బాగుందమ్మా. పనిమంతురాలివి. ఇది వద్దు."

"ఏం తప్పుందండీ ఇందులో?"

"తప్పు లేదు. ఇది వద్దు."

"మరేం చేస్తారు? ఆ పిల్ల మీ కోసం వేరే మనిషిని కూడా పెట్టుకోలేదు. మీ తమ్ముడి పెళ్ళిలో లాగే దానికీ తాళి ఫోటో లేకుండా చేస్తారా?"

ఆయన తల వంచుకొని అన్నం కలుపుకుంటున్నారు. అక్కడితో ఆగి ఉండాల్సింది. నా నోరు ఆగదు. "తొమ్మిదో వరుస కొట్టెయ్యండి మామయ్యా. లేని మనిషిని ఎన్నాళ్ళు రాస్తారు?" అనేశాను.

మామయ్య కంచంలో చెయ్యి కడుక్కొని లేచిపోయారు. అన్నం సగం అలాగే ఉంది. ఉదయ్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. తిట్టినా బాగుండేది. రాత్రంతా నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ మనిషికి భార్య ఉన్న చోటు ప్రపంచంలో ఒకే ఒక్కటి మిగిలింది, ఆ కాగితంలో తొమ్మిదో వరుస. దాన్ని కొట్టెయ్యమన్నాను. నిజమే చెప్పాను, అయితే ఏం లాభం.

తర్వాత నాలుగు రోజులు ఆయన నాతో ముక్తసరిగా మాట్లాడారు. టీ మాత్రం రెండే తెచ్చారు. వేరే ఫోటోగ్రాఫర్‌ని చూడమని సుభద్రకు చెబుదామా అని ఉదయ్ అడిగాడు. నువ్వే చెప్పు అన్నాను. నువ్వే చెప్పు అన్నాడు. ఇద్దరం చెప్పలేదు.

పెళ్ళి రోజు తెల్లవారుజామున నేను లేచేసరికి మామయ్య హాల్లో సోఫాలో కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, తలకు నూనె. కెమెరా సంచి ఒళ్ళో ఉంది. పైన మడిచిన కాగితం ఒకటి.

"ఏ కాగితం మామయ్యా అది?" అన్నాను భయంభయంగా.

"పాతదే."

"అడిగితే?"

"అడిగితే జెప్తాను."

ఏమని చెబుతారని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. పునీతను పక్క ఫ్లాటు ఆంటీ దగ్గర వదిలి, ఉదయ్ కారు తీశాడు. మామయ్య ముందు సీట్లో, నేను వెనక. ముహూర్తం పదకొండుకు. వంతెన మీద రద్దీలో గంటన్నర పట్టింది. అంతసేపూ ఆయన కిటికీలోంచి నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నారు. జోహోర్ వైపు పాస్‌పోర్టులు అయ్యాయి. కస్టమ్స్ దగ్గర కార్లన్నీ ఆగకుండా సాగిపోతున్నాయి. నీడలో నిలబడ్డ అధికారి చేత్తో పొండి పొండి అంటున్నాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఎవరూ అడగలేదు, ఇక అబద్ధమూ లేదు, కొట్టివేతా లేదు, పెళ్ళికి వెళ్ళిపోవచ్చు.

"ఆపు" అన్నారు మామయ్య.

"నాన్నా, వాళ్ళే పొమ్మంటున్నారు" అన్నాడు ఉదయ్.

"సురత్ మీద ముద్ర గావాలి. పక్కన ఆపు."

ఆపక తప్పలేదు. నేను ఆయన వెంట లోపలికి వెళ్ళాను. బల్ల వెనక తలకు ముసుగు కట్టుకున్న చిన్న వయసు మలయ్ అధికారిణి. మామయ్య సంచి విప్పి, ఒక్కొక్కటే తీసి బల్ల మీద వరుసగా పేర్చి, కాగితం ఆమె ముందు పెట్టారు. ఆమె కళ్ళు పెద్దవి చేసుకొని చూసింది. ఇలాంటి జాబితా ఆ పిల్ల పుట్టాక చూసి ఉండదు.

"అంకుల్, సొంత కెమెరాలకి ఇవన్నీ అవసరం లేదు. వెళ్ళొచ్చు" అంది మలయ్‌లో.

"చూడమ్మా. లెక్క సరిపోయిందో లేదో చూసి ముద్ర వెయ్యి" అన్నారు ఈయన, మలయ్‌లోనే.

మంచి పిల్ల. వెనక ఎవరూ లేరు కూడా. నంబర్లు ఒక్కొక్కటే చదువుతూ టిక్కు పెట్టడం మొదలుపెట్టింది. కెమెరా, కెమెరా, లెన్సు. మామయ్య ఒక్కొక్కటే తిప్పి నంబరు చూపిస్తున్నారు. ఎనిమిది అయ్యాయి. ఆమె పెన్ను తొమ్మిది దగ్గర ఆగింది. సూరమ్మ అని కూడబలుక్కొని చదివింది. నంబరు చూసింది. చిన్నగా నవ్వొచ్చింది ఆమెకు.

"ఇది మనిషి కదా అంకుల్. మీ ఆవిడా? కార్లో ఉందా?"

మామయ్య బల్ల వైపు చూస్తున్నారు. నేనే ఏదో ఒకటి చెప్పి గట్టెక్కిద్దామని ముందుకు వచ్చాను. ఇంట్లో ఉంది అని చెప్పడానికే. ఆరేళ్ళుగా ఆయన చెప్పిన అబద్ధాన్ని నేనే చెప్పడానికి సిద్ధమయ్యాను. మామయ్య చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపారు.

"లేదు. చనిపోయింది" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. "ఆరేళ్ళయింది."

ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. క్షమించమంది. కాగితం మీద ఆ వరుసను కొట్టేయబోయి పెన్ను వెనక్కి తీసుకుంది. కాగితం తిప్పి, పెన్నుతో సహా ఆయన ముందు పెట్టింది.

"కాగితం మీది కదా అంకుల్. మార్పు మీరే చేసి, పక్కన సంతకం పెట్టాలి" అంది.

అది మా ఆఫీసులో కూడా ఉన్న పద్ధతే. రాసినవాళ్ళే దిద్దాలి, దిద్దిన చోట సంతకం చేయాలి. రోజుకు ఇరవైసార్లు చూస్తాను. ఆ రోజు మాత్రం చూడలేక గోడకున్న గడియారం వైపు తిరిగాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆయన పాస్‌పోర్టు అంచును కాగితం మీద ఆనించి గీత గీస్తున్నారు. ఒకే ఒక్క సన్నటి గీత. కింద పేరు, నంబరు చక్కగా కనబడుతున్నాయి. పక్కన సంతకం పెట్టి తేదీ వేశారు. ఆ పిల్ల మొత్తం ఎనిమిది అని రాసి ముద్ర వేసి, రెండు చేతులతో కాగితం అందించింది.

మామయ్య లెన్సులు సర్దుకోవడానికి చాలాసేపు తీసుకున్నారు. నేను సాయం చేయబోతే వద్దన్నారు. సంచి జిప్పు వేసి, నా చేతికి ఇచ్చారు. ఆ సంచి నాకు ఇవ్వడం అదే మొదటిసారి.

కార్లోకి వచ్చి కూర్చున్నాం. ఉదయ్ బండి స్టార్ట్ చేసి, అయిందా నాన్నా అని అడిగాడు. ఆయన కొడుకు వైపు కాదు, అద్దంలోంచి నా వైపు చూశారు.

"నవతా" అన్నారు. "మీ అత్త చనిపోయిందమ్మా."

నాకు తెలియని సంగతి ఇప్పుడే వచ్చి చెబుతున్నట్టు చెప్పారు.

"అవును మామయ్యా" అన్నాను.

ఉదయ్ చెయ్యి గేరు మీద అలాగే ఉండిపోయింది. తర్వాత ఇంజన్ ఆపేశాడు. "అమ్మ" అన్నాడు. మామయ్య చెయ్యి చాచి కొడుకు మెడ మీద వేశారు. ఆరేళ్ళ క్రితం ఏడవాల్సిన తండ్రీ కొడుకులు కస్టమ్స్ ఆవరణలో కారులో కూర్చుని ఏడ్చారు. నేను వెనక సీట్లో సంచి ఒళ్ళో పెట్టుకొని వాళ్ళనలా ఏడవనిచ్చాను. ముహూర్తానికి ఇంకా రెండు గంటల టైముంది.